మొహమాటం బయట వదిలి వెళ్ళు

ఒరే చిన్నా,

ఆదివారం ఆఫీసు వాళ్ళతో బ్రంచ్‌కి, అంటే టిఫినూ లంచూ కలిపి తినే భోజనానికి వెళ్తున్నావని, అదేమో పచ్చి ఆయిస్టర్లు పెట్టే రెస్టారెంటని, ఎలా తినాలో తెలీక నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. ఆయిస్టర్ అంటే ఏం లేదురా, ఆల్చిప్పే. అందులో ముత్యం దొరుకుతుందని మాత్రం వెతక్కు, ముత్యాలిచ్చే చిప్పల జాతి వేరు, మనం తినే జాతి వేరు.

టెన్షన్ పడాల్సిన విషయం ఒకటుంది, కానీ అది ఫోర్కు ఎలా పట్టుకోవాలన్నది కాదు. పచ్చి ఆయిస్టర్లలో విబ్రియో అనే బాక్టీరియా ఉండొచ్చు. ఉన్నా రంగులో, వాసనలో, రుచిలో ఏ తేడా తెలీదు. నిమ్మకాయ పిండితే చస్తుంది, హాట్ సాస్ వేస్తే చస్తుంది, మీద రెండు గుక్కల మందు పడితే చస్తుంది అని టేబుల్ దగ్గర ఎవడో ఒకడు తప్పకుండా చెప్తాడు, నమ్మకు, వేడి తప్ప వాటిలో ఏదీ దాన్ని చంపదు. ఆరోగ్యంగా ఉన్నవాడికైతే మామూలుగా వాంతులు, విరేచనాలతో పోతుంది. లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకి అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులూ పచ్చివి ముట్టకూడదు. మీ బ్యాచ్‌లో అలాంటివాళ్ళుంటే బలవంతపెట్టకండి, వాళ్ళకి బాగా ఉడికించినవి చెప్పండి. చిప్పలతో ఉడకబెట్టేటప్పుడు నోరు తెరుచుకోగానే దించేస్తే చాలదు, ఆ తర్వాత ఇంకో 3 నుంచి 5 నిమిషాలు ఉడకాలి. రొయ్యలు పడనివాళ్ళకి ఇవీ పడకపోవచ్చు, అదీ ముందే అడుగు.

ఇక తినడం. చితక్కొట్టిన ఐసు మీద అరడజను చిప్పలు పరిచి తెస్తారు, పక్కన నిమ్మ ముక్కలు, వెనిగర్‌లో సన్నగా తరిగిన సాంబారు ఉల్లిపాయలు, మిరియాలు వేసిన సాస్ ఒక గిన్నెలో. దాన్ని మిన్యొనెట్ అంటారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చిప్పలో ఉన్న నీళ్ళు కడిగిన నీళ్ళేమో అనుకుని శుభ్రంగా ఐసు మీద ఒంపేశాను. పక్కనున్న స్నేహితుడు గుండె పట్టుకున్నాడు. ఆ ఉప్పటి నీరే అసలు రుచిరా! పైగా మాత్ర మింగినట్టు నమలకుండా మింగెయ్యాలని ఇంకెవరో చెబితే ఆరూ అలాగే మింగేశాను, ఇంటికొచ్చాక గుర్తున్నది నిమ్మకాయ ఒక్కటే.

నువ్వు అలా చెయ్యకు. చిన్న ఫోర్కుతో లోపలి కండ కిందినుంచి ఒకసారి అలా తిప్పు, చిప్పకి అంటుకోకుండా విడిగా కదలాలి, లేకపోతే ఎత్తినప్పుడు సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి. నీళ్ళు ఒలక్కుండా చిప్పని ఎత్తి, వెడల్పు అంచు పెదాలకి ఆనించి వంచు. రెండు మూడుసార్లు నములు. ముందు ఉప్పు తగులుతుంది, ఆ తర్వాత మెల్లగా తీపి, ఒక్కోదానిలో దోసకాయ వాసన లాంటిదేదో ఉంటుంది. మొదటిది ఏమీ వెయ్యకుండా తిను, నిమ్మకాయలూ సాసులూ రెండోదాని నుంచి. పళ్ళ కింద చిప్ప పెంకు తగిలితే నాప్‌కిన్‌లోకి తీసెయ్, దానికి సిగ్గేం లేదు. సముద్రం వాసన రావడం మంచిదే, కుళ్ళు వాసన వచ్చినా, కండ ఎండిపోయి కనిపించినా తినకుండా పక్కన పెట్టి వెయిటర్‌ని పిలువు.

మెనూలో వింత పేర్లు చూసి బెదిరిపోకు. చాలామటుకు అవి ఆయిస్టర్ పెరిగిన అఖాతాల పేర్లే. ఒకే జాతి ఆయిస్టర్ రెండు వేర్వేరు నీళ్ళలో పెరిగితే రెండు రుచులుగా ఉంటుంది. అట్లాంటిక్ వైపువి సాధారణంగా ఉప్పుగా ఉంటాయి, కుమమొతో అనే రకం కనిపిస్తే అది ఆర్డర్ చెయ్యి, చిన్నగా తియ్యగా ఉంటుంది, మొదటిసారికి అదే మంచిది. ఇంగ్లీషు పేరులో 'ఆర్' అక్షరం లేని నెలల్లో, అంటే మే నుంచి ఆగస్టు దాకా తినకూడదని పాత మాటొకటి ఉంది. ఊరికే పుట్టలేదు, వేసవిలో గుడ్లు పెట్టే కాలం కాబట్టి కండ పల్చబడి పాలలా అయిపోతుంది, నీళ్ళు వేడెక్కితే విబ్రియో కూడా పెరుగుతుంది. ఇప్పుడు గుడ్లు పెట్టని ట్రిప్లాయిడ్ రకాలు పెంచుతున్నారు కాబట్టి రుచికి వేసవిలోనూ ఢోకా లేదు, బాక్టీరియా భయం మాత్రం అలాగే ఉంది. "ఇవి ఎక్కడివి, ఎప్పుడొచ్చాయి?" అని వెయిటర్‌ని అడుగు. మంచి చోటయితే సంతోషంగా చెప్తారు. నీళ్ళు నమిలితే నువ్వు ఆయిస్టర్లు మానేసి ఆమ్లెట్ తిను.

బ్రంచ్ అన్న మాట 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషాయన వాడాడు, శనివారం రాత్రి తాగి ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకుని. అందుకే అక్కడ పొద్దున పదకొండింటికే గ్లాసులు మోగుతుంటాయి. టిఫిన్ మానేసి ఖాళీ కడుపుతో వెళ్ళి మందూ పచ్చి ఆయిస్టర్లూ కలిపి లాగించకు, ముందు కాస్త రొట్టె తిను.

ఆఖరుగా డబ్బు సంగతి. ఆయిస్టర్లు చాలాచోట్ల ఒక్కోదానికి ఇంత అని రాస్తారు, ప్లేటుకి కాదు. ధర ఉండాల్సిన చోట "మార్కెట్ రేటు" అని ఉంటే నోరు తెరిచి అడుగు. నేను అడగలేదు, పెద్దమనిషి తరహాలో అందరికీ ఇంకో డజను చెప్పాను, బిల్లు చూశాక చేతికి నిజంగానే చిప్ప వచ్చింది. ఆరింటితో మొదలుపెట్టు, నచ్చితే మళ్ళీ చెప్పుకోవచ్చు. టేబుల్ ముందే బుక్ చెయ్యి, ఆదివారం నిలబెట్టేస్తారు.

మీ నాన్న కూడా వస్తానంటున్నాడట కదా, ఆయనకి షుగర్. వెన్నా వెల్లుల్లీ వేసి బాగా కాల్చినవి చెప్పు, నీ ప్లేటులోంచి ఒకటి ఇలా తెమ్మని చెయ్యి చాపితే నా పేరు చెప్పి ఆపు.

మీ బాబాయి