ఏళ్లుగా కుండీ మార్చని మనీప్లాంట్‌ని ఎలా బాగుచేయాలి?

ప్రశ్న: మా అత్తగారు పెట్టిన మనీప్లాంట్ వరండాలో పన్నెండంగుళాల సిమెంటు కుండీలో ఉంది. ఆవిడ పోయాక దాన్ని ఎవరం పట్టించుకోలేదు. నీళ్లు పోయడం తప్ప ఇన్నేళ్లలో మట్టి కూడా మార్చలేదు. తీగలు గ్రిల్ పొడుగునా పాకి అటు చివర వేలాడుతున్నాయి. మొదట్లో ఒక్క ఆకు లేదు. చివర్ల ఆకులు చిన్నవైపోయి పసుపెక్కాయి. పోసిన నీళ్లు పోసినట్టే అడుగునుంచి కారిపోతున్నాయి. మట్టి మీద తెల్లటి పొర కట్టింది, కుండీ అంచు బీటలిచ్చింది. మా అబ్బాయి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము కోసి అందులో వేద్దామంటున్నాడు. తీగ కత్తిరిస్తే ఇంటికి మంచిది కాదని పక్కింటివాళ్లు అంటున్నారు. కదిపితే చచ్చిపోతుందేమోనని నాకు భయం. ఏం చెయ్యమంటారు?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు మీ భయం తీరుస్తాను. మట్టి మార్చకపోయినా, ఎరువు వెయ్యకపోయినా ఇన్నేళ్లు బతికిన మొక్క కుండీ మార్చినంత మాత్రాన చావదు. మనీప్లాంట్ చచ్చేది సాధారణంగా ఆ తరవాతే. ప్రేమకొద్దీ మరీ పెద్ద కుండీలో వేసి, రోజూ నీళ్లు పోసి మనమే దాని వేర్లు కుళ్లబెడతాం. అందుకే డ్రమ్ము వద్దు. పన్నెండంగుళాల వేర్ల ముద్దని డ్రమ్ములో పెడితే చుట్టూ వేరు చేరని మట్టి బోలెడు మిగిలిపోతుంది. అందులోని నీటిని తాగే వేరు ఉండదు కాబట్టి అది రోజుల తరబడి ఆరదు. మన తీరప్రాంతంలో వానాకాలం గాలిలోనే తేమ ఎక్కువ, ఇక ఎలా ఆరుతుంది? గాలి ఆడని ఆ తడిలో పిథియం, ఫైటోఫ్తొరా లాంటి వేరుకుళ్లు తెగుళ్లు చేరతాయి. వేరు కుళ్లిన మొక్క ఆకులు వాడతాయి, అది చూసి నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. మంచి మొక్కలు అలాగే పోతున్నాయి. పద్నాలుగు అంగుళాల కుండీ చాలు. వేర్లు కొంత కత్తిరిస్తే మళ్లీ పన్నెండంగుళాలదైనా సరిపోతుంది.

మీరు చెప్పిన లక్షణాలన్నిటికీ మూలం దాదాపు ఒక్కటే. వేర్లు కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని, మట్టి తగ్గిపోయి, లోపలంతా వేర్లే మిగిలాయి. ఒకసారి బాగా ఎండిన ముద్ద నీటిని పీల్చుకోదు. మీరు పోసిన నీరు ముద్దకీ గోడకీ మధ్య సందులోంచి జారి కిందికి పోతోంది. లోపల మాత్రం పొడిగానే ఉంటోంది. తెల్లపొర సాధారణంగా బోరు నీటిలోని లవణాలు. పసుపుకి ముఖ్య కారణం నత్రజని లోపం. ఆకులు చిన్నవవడానికి ఆకలితో పాటు ఇంకో కారణముంది. ఈ తీగ స్వభావం చెట్టు పట్టుకుని పైకెక్కడం. ఆసరా దొరికి పైకి పోయేకొద్దీ ఆకు పెద్దదవుతుంది, కిందికి వేలాడితే చిన్నదవుతుంది.

ఎప్పుడు మార్చాలంటే, రోహిణి కార్తె ఎండల్లో మాత్రం వద్దు. ఆ వడగాలిలో వేరు తెగిన మొక్క తేరుకోలేదు. మృగశిర దాటి నాలుగు వానలు పడి వాతావరణం చల్లబడ్డాక, అంటే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా మంచి అదను. సంక్రాంతి చలిలో కూడా పెరుగుదల మందగిస్తుంది, అప్పుడూ కదపొద్దు. మీకు అందాకా ఒక పని ఉంది. కుండీని నీళ్ల తొట్టిలో పెట్టి బుడగలు రావడం ఆగేదాకా ఉంచి తియ్యండి. ఎత్తలేని బరువైతే, అరగంట వ్యవధితో మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. వారానికోసారి ఇలా చేస్తే లోపలి వేర్లు మళ్లీ తేమ అందుకుంటాయి. కుండీ మార్చే ముందురోజు కూడా ఇలాగే తడపండి. పొడి వేరు తేలిగ్గా విరిగిపోతుంది.

ఇక తీగలు కత్తిరించే సంగతి. ఇళ్లలో ఉండే నమ్మకాల్ని నేను తప్పుపట్టను. మొక్క వైపు నుంచి మాత్రం నాకు తెలిసింది చెప్తాను. ఈ తీగ స్వస్థలం పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మోరియా దీవి. జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీకి కావలసిన జన్యువు ఇందులో సరిగా పనిచెయ్యదు, అందుకే ఇది పూత పూయడం చాలా అరుదు. పువ్వు లేదు, గింజ లేదు. మన ఊళ్లలో కనిపించే మనీప్లాంట్లన్నీ ఎవరో ఒకరి ఇంట్లో కత్తిరించిన తీగ ముక్కలే. మీ అత్తగారు కూడా ఎక్కడో ఒక ముక్క తెచ్చుకునే నాటి ఉంటారు. మీరు కత్తిరించి నాటే ప్రతి ముక్కా కొత్త మొక్క కాదు, ఆవిడ పెంచిన ఆ మొక్కే. ఆవిడ గుర్తు పోకుండా కాపాడుకోవాలంటే కత్తెర పట్టడమే దారి. కుండీ జోలికి వెళ్లే రెండు మూడు వారాల ముందే ఆరేడు ముక్కలు తీసి వేర్లు పట్టించండి. అప్పుడు పెద్ద మొక్కకి ఏమైనా మీకు దిగులుండదు.

ముక్కకి రెండు మూడు కణుపులుండాలి. ప్రతి కణుపు దగ్గరా గోధుమరంగు బుడిపెలు కనిపిస్తాయి, వేరు అక్కడినుంచే వస్తుంది. కణుపు లేని ఉత్త ఆకుని నాటితే తీగ రాదు. కింది కణుపు నీటిలో మునిగేలా, ఆకు మునగకుండా సీసాలో పెట్టండి. నాలుగు రోజులకోసారి నీరు పారబోసి కొత్తనీరు పోయండి, ఇందులో బద్ధకించొద్దు. కదలని శుభ్రమైన నీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వేరు రెండంగుళాలు రాగానే మట్టిలోకి మార్చాలి. నెలల తరబడి నీటిలోనే ఉంచితే ఆ వేర్లు మట్టికి అలవాటు పడటానికి ఇబ్బంది పడతాయి.

కుండీ మార్చే రోజు పాకిన తీగల్ని గ్రిల్ నుంచి లాగకండి. గాలివేర్లు గోడనీ ఇనుపకమ్మీనీ గట్టిగా పట్టుకుని ఉంటాయి, లాగితే తీగ తొక్క ఊడొస్తుంది. గాలివేర్లని బ్లేడుతో కోసి విడదియ్యండి. మొదట్లో ఆకు లేని బోడితీగల్ని మట్టికి అడుగెత్తున, కణుపుకి కాస్త పైన కోసెయ్యండి. అన్నిటినీ ఒకేసారి కాదు, మూడింట రెండువంతులు. మిగతావి కొత్త చిగురు వచ్చేదాకా మొక్కకి తిండి తయారుచేసి పెట్టాలి. కోసిన చోట కింది కణుపులోంచి చిగురు వస్తుంది గానీ సాధారణంగా ఒకటి రెండే, దానితోనే కుండీ గుబురెక్కదు. అందుకే ముందే వేర్లు పట్టించిన ఆ ఆరేడు ముక్కల్ని ఈ కుండీలోనే పాత మొదలు చుట్టూ నాటండి. బోసిపోయిన మనీప్లాంట్‌ని మళ్లీ నిండుగా చెయ్యడానికి దీన్ని మించిన ఉపాయం లేదు. చాలామంది ఈ ఒక్క పని చెయ్యక, మట్టి మార్చినా గుబురు రాలేదని నిరాశపడతారు.

కుండీని పక్కకి పడుకోబెట్టి, గోడ వెంట పొడవాటి కత్తి తిప్పి, మొదలు పట్టుకుని మెల్లగా లాగండి. బరువుకి ఇద్దరు ఉండాలి. రాకపోతే ఎలాగూ బీటలిచ్చిన కుండీయే కాబట్టి పగలగొట్టండి, వేర్ల కన్నా కుండీ విలువైనది కాదు. బయటికొచ్చిన ముద్ద అడుగున చాపలా అల్లుకున్న వేర్లని, ముద్ద ఎత్తులో నాలుగోవంతు దాకా కోసెయ్యొచ్చు. పక్కల నిలువుగా మూడు నాలుగు గాట్లు పెట్టి చుట్టలు విప్పండి. గట్టిగా, తెల్లగా లేక లేత గోధుమరంగులో ఉన్న వేరు మంచిది. నల్లబడి మెత్తగా, వాసన వేసేది ఎంతున్నా తీసెయ్యాలి. కుళ్లు కనబడితే నాటాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడపండి. కుళ్లు లేకపోతే ఆ మందు అనవసరం. మట్టిలో ఒక చెంచా ట్రైకోడెర్మా (వేరుకుళ్లుని అడ్డుకునే మేలైన శిలీంధ్రపు పొడి) కలిపితే చాలు. రెండూ ఒకేసారి వాడొద్దు, రాగి మందు ట్రైకోడెర్మాని దెబ్బతీయొచ్చు.

మట్టికి రెండుపాళ్లు ఎర్రమట్టి, ఒకపాలు ముతక ఏటి ఇసుక, ఒకపాలు కొబ్బరిపొట్టు, ఒకపాలు బాగా మాగిన పశువుల గత్తం, గుప్పెడు వేపపిండి. నాగావళి ఇసుకైనా వంశధార ఇసుకైనా పరవాలేదు. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు ఉంటుంది. ఉద్దానం నుంచి తెచ్చిన కొబ్బరిపొట్టు అయినా, నర్సరీలో కొన్నదైనా, రెండు మూడుసార్లు మంచినీటిలో నానబెట్టి పిండి వాడండి, అందులోనూ లవణాలుంటాయి. నల్లరేగడి ఒక్కదాన్నే వాడితే గట్టిపడి నీరు నిలుస్తుంది. అడుగున నాలుగైదు చిల్లులుండాలి, వాటిమీద పెంకుముక్కో వలగుడ్డో చాలు. నీరు దిగుతుందని అడుగున ఇటుకముక్కలు, గులకరాళ్లు వరసగా పేరుస్తారు. దానివల్ల లాభం లేదు. మట్టి పూర్తిగా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు, తడి నిలిచే చోటు వేర్లకి ఇంకా దగ్గరవుతుంది. పాత మట్టంలోనే నాటి, అంచు కింద అంగుళం ఖాళీ ఉంచి, అడుగునుంచి కారేదాకా ఒకసారి నీళ్లు పోయండి.

ఆ తరవాత చేతులు కట్టుకోవాలి. వేలు రెండంగుళాలు గుచ్చి చూడండి, లోపల తడి తగిలితే నీళ్లు వద్దు. రోజు లెక్కన పోయకండి. రెండు వారాలు నీడపట్టున, వెలుతురున్న చోట ఉంచండి. రెండు మూడు పాత ఆకులు పండి రాలినా కంగారుపడకండి. నెల లోపల కొత్తచిగురు కనిపించాలి. ఆరు వారాల దాకా ఎరువు వెయ్యొద్దు, తెగిన వేర్లకి మంట పుడుతుంది. అప్పటినుంచి నెలకోసారి లీటరు నీటికి 2 గ్రాముల 19-19-19 అనే నీటిలో కరిగే ఎరువు కలిపి పోస్తే చాలు. వీలైతే వాననీరు పట్టి పోయండి, తెల్లపొర మళ్లీ కట్టదు. ఆకు అడుగున దూదిలాంటి పిండినల్లి ఉంటే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి. పెద్ద ఆకులు కావాలనుకుంటే కుండీ మధ్యలో కొబ్బరితాడు దట్టంగా చుట్టిన కర్ర పాతి తీగని దానిమీదికి ఎక్కించండి. తాడు తడిగా ఉంచితే గాలివేర్లు పట్టుకుంటాయి.

కోసేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి. ఇది కంద, చేమల కుటుంబానికి చెందినదే. రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి, చర్మం దురదపెడుతుంది. పిల్లలు, కుక్కలు, పిల్లులు నమిలితే నోరు, గొంతు వాస్తాయి. మిగిలిన తీగల్ని కాలవగట్టుమీదో చెట్టు మొదట్లోనో పారెయ్యకండి. కణుపు తడి తగిలితే చాలు, పాతుకుపోయి చెట్లెక్కి అల్లుకుంటుంది. శ్రీలంకలో, అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాగే అడవుల్లోకి పాకి అక్కడి మొక్కల్ని కప్పేస్తోంది. అడిగినవాళ్లకి ముక్కలు ఇవ్వగా మిగిలినవి ఎండలో పూర్తిగా ఎండబెట్టి గత్తం గోతిలో వెయ్యండి.