గొంతులో ఉండ ఉన్నట్టుంది, అన్నం తింటే మాత్రం ఉండదు

ప్రశ్న: నా వయసు 41. కొన్ని నెలలుగా గొంతు కింది భాగంలో ఏదో ఉండలా అడ్డం పడినట్టు ఉంటోంది, ఎన్ని గుటకలు వేసినా దిగదు. అన్నం తినేటప్పుడు మాత్రం ఏమీ తెలియదు. ఈఎన్‌టీ డాక్టరుగారు కెమెరా వేసి చూసి ఏమీ లేదు, అక్కడి కండరం బిగుసుకుందంతే అన్నారు. అదేం కండరం? క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అన్నం దిగడానికి ఇబ్బంది లేదని రాశారు చూడండమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. లోపల గడ్డ పెరుగుతుంటే సాధారణంగా ముందు పట్టేసేది అన్నం, చపాతీ లాంటి గట్టి పదార్థాలే.

ఆ కండరం పేరు క్రికోఫారింజియస్. స్వరపేటిక అడుగున క్రికాయిడ్ అనే ఉంగరం ఆకారపు మృదులాస్థి ఉంటుంది. ఈ కండరం దానికి ఒక పక్కన మొదలై, గొంతు వెనక నుంచి చుట్టు తిరిగి రెండో పక్కన అతుక్కుంటుంది. ముందు పళ్ల నుంచి కొలిస్తే సుమారు 15 సెంటీమీటర్ల లోతున, గొంతు అయిపోయి అన్నవాహిక మొదలయ్యే చోట. చేతి కండరాలు పని లేనప్పుడు వదులుగా ఉంటాయి కదా, ఇది అలా కాదు, ఊపిరి పీల్చినప్పుడు గాలి పొట్టలోకి పోకుండా, కింది నుంచి పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నకుండా ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. గుటక వేయగానే కాసేపు వదులవుతుంది, అదే సమయంలో స్వరపేటిక పైకీ ముందుకూ లేచి దాన్ని లాగి తెరుస్తుంది. మెడ మీద వేలు ఆనించి మింగి చూడండి, ఆ లేవడం మీకే తెలుస్తుంది. అంతా ఒక సెకనులోపు పని, వెంటనే మామూలు కన్నా గట్టిగా ఓసారి బిగుసుకుని మళ్లీ యథాస్థితికి వస్తుంది.

ఆందోళనలో ఈ బిగువు పెరుగుతుంది, నిద్రలో బాగా తగ్గుతుంది. కాబట్టి ఉండ ఉందా పోయిందా అని పదేపదే ఉత్త గుటకలు వేయడం దయచేసి మానేయండి. ఉమ్మి అయిపోయాక వేసే పొడి గుటకలతో ఆ ఉండ ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగండి. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు కూడా ఉంటే డాక్టరుగారికి చెప్పండి, దానికి వేరే మందు ఉంటుంది. రాత్రి భోజనం పెందలాడే ముగించండి.

అన్నం పట్టేయడం, నొప్పి, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోవడం, మెడలో గడ్డ తగలడం, ఉమ్మిలో రక్తం, వీటిలో ఏది కనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా మళ్లీ చూపించుకోవాలి.