ఈసుడు రోగం నిజంగా అంత ఎక్కువగా ఉందా? మా పాకలో జరిగింది చెబుతా

ఏడో నెల చూడి గేదె ఈసుకుపోయింది (నెలలు నిండకుండానే దూడ పడిపోయింది), డాక్టరు బ్రూసెల్లా, అంటే ఈసుడు రోగం తెచ్చే క్రిమి, అని అనుమానపడ్డారు, ఇది అంత మామూలు జబ్బేనా, గేదెను అమ్మేయాలా అని మీరు అడిగారు. అమ్మకండి, ముందు రక్తం పరీక్ష చేయించండి. ఈసుకుపోవడానికి పొడుచుకోవడం, లెప్టో అనే ఇంకో క్రిమి జబ్బు, రక్తంలో పురుగు జ్వరాలు, ఇంకా చాలా కారణాలుంటాయి.

ఎంత ఉంది అంటే, చాలా ఏళ్ల కిందట 23 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో ఆవుల్లో 1.9 శాతం, గేదెల్లో 1.8 శాతం తేలింది. వందకు రెండే కదా అనిపిస్తుంది. కానీ అది అన్ని పాకలకూ సమానంగా పంచిపెట్టినట్టు ఉండదు. ఇంటి దూడల్నే పెంచుకునే రైతు దగ్గర ఒక్కటీ ఉండకపోవచ్చు, సంతల్లో కొని తెచ్చే పెద్ద డెయిరీలోకి ఒకటి చేరిందంటే మాత్రం వరసపెట్టి అంటుకుంటుంది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తొమ్మిది గేదెలుండేవి, వాటిలో రెండు ముర్రాలు దళారి ద్వారా కొన్నవి. అందులో ఒకటి ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది, మాయ పడలేదు, నాన్న ఎప్పటిలాగే ఉత్త చేతుల్తో తీసేశారు. నెల తిరిగేసరికి ఆయనకు రోజూ సాయంత్రం జ్వరం, ఒళ్లంతా చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అని రెండు నెలలు మందులు మింగించారు. చివరికి ఒక డాక్టరు "ఇంట్లో పశువులున్నాయా" అని అడిగి బ్రూసెల్లా టెస్టు రాస్తే అదే తేలింది, డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడాక మనిషి లేచాడు. ఆ టెన్షన్‌లోనే గేదెలన్నిటికీ రక్తం తీయిస్తే మూడింటికి పాజిటివ్.

అసలు చిక్కేమిటంటే, ఈ జబ్బున్న పశువు చాలావరకు ఒకసారే ఈసుకుపోతుంది, తర్వాతి ఈతల్లో నిక్షేపంలా ఈనుతుంది, పాలిస్తుంది, కానీ పాలలో, ఈనినప్పుడు పడే మాయలో, ద్రవాల్లో క్రిమి వస్తూనే ఉంటుంది. పశువుకు నమ్మకమైన వైద్యం లేదు. మన దగ్గర పాజిటివ్ పశువుల్ని ఏరి తీసేసే పద్ధతీ లేదు, రైతేమో నష్టం భరించలేక నోరు మూసుకుని సంతకు తోలతాడు. మాకు వచ్చింది అలాంటిదే అయ్యుంటుంది. అందుకే మీరూ అమ్మొద్దన్నాను.

ఈ జబ్బు రాకుండా పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఎస్19 అనే టీకా ఒక్కసారి వేయిస్తే చాలు. 2019లో మొదలైన కేంద్ర పథకంలో గాలికుంటుతో పాటు ఇది కూడా ఉచితం. చూడి పశువులకు, దున్న దూడలకు వేయించకూడదు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా, సూది మనకు గుచ్చుకున్నా ప్రమాదమే, కాబట్టి దూడను గట్టిగా పట్టుకోండి.

మీ పాకలో ఈసుకుపోయిన దూడను, మాయను కుక్కలకు వదలకుండా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. పాలు పొంగేదాకా కాచి తాగితే భయం లేదు. నాన్న పొదుగు దగ్గరే పచ్చి పాలు తాగే మనిషి, ఆ అలవాటు మాన్పించడానికి జబ్బుకంటే ఎక్కువ కష్టపడ్డాం.

ఆ మూడూ ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాయి, వేరే కొట్టంలో. కొత్త గేదెను కొనేటప్పుడు రక్తం తీస్తానంటే బేరం వద్దని లేచిపోయినవాళ్లు ఇద్దరున్నారు, పోతే పోయారు.