శ్రామికులు తెస్తారా, తెస్తాయా?

సందేహం: పిల్లల కోసం తేనెటీగల గురించి వ్యాసం రాస్తూ "తేనెపట్టును రాణి పాలిస్తుంది, శ్రామికులు పూల నుండి తేనె తెస్తారు" అన్నాను. చదివినవారిలో ఒకరు "తెస్తాయి" అని దిద్దారు. ఆ ఈగలన్నీ ఆడవే కనుక "శ్రామికురాండ్రు" అనాలన్నారు మరొకరు. ఏది ఒప్పు?

సమాధానం: ఇద్దరి మాటలోనూ సగం సగం న్యాయం ఉంది. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, పశుపక్ష్యాదులకూ క్రియ ఒక్కటే: ఆమె వచ్చింది, ఈగ వచ్చింది. అందుకే రాణి దగ్గర మీకు చిక్కు రాలేదు. బహువచనంలో ఆ వెసులుబాటు లేదు. స్త్రీలు పురుషులతో పాటు "వచ్చారు" అవుతారు, ఈగలు "వచ్చాయి" దగ్గరే ఉండిపోతాయి. "శ్రామికులు" అనేది "శ్రామికుడు" అన్న మాటకు బహువచనం, మనుషులకే చెల్లేది. అది కర్తగా ఉన్నంతసేపూ "తెస్తారు" అనే రావాలి కనుక, క్రియను మాత్రమే దిద్ది "శ్రామికులు తెస్తాయి" అంటే వాక్యం మరింత చెడుతుంది. "శ్రామికురాండ్రు" అంటే లింగం కుదురుతుంది గాని, అదీ మనుషుల మాటే. "శ్రామిక ఈగలు" అనండి, లేదా "కూలి ఈగలు" అనండి. "తెస్తాయి" దానంతటదే వస్తుంది. కథల్లో నక్కబావ "అన్నాడు" అని రాస్తాం కదా అనవచ్చు. అక్కడ నక్క ఒక పాత్ర, ఇక్కడ ఈగ ఈగే.

ఆడవన్న మాట మాత్రం నిజం. శ్రామిక ఈగలూ, రాణీ ఫలదీకరణ చెందిన ఒకే రకం గుడ్ల నుండి పుడతాయి. పిల్లపురుగుగా ఉన్నప్పుడు అందిన మేతను బట్టి ఒకటి రాణి అవుతుంది, తక్కినవి కూలి ఈగలవుతాయి. మగవి ఫలదీకరణ చెందని గుడ్ల నుండి వస్తాయి, అంటే వాటికి తల్లే గాని తండ్రి లేడు. వీటికి "పోతుటీగ" అనే చక్కని పేరుంది. దున్నపోతు, మేకపోతులలోని పోతే ఇది. పోతు, ఈగ కర్మధారయమై కలిసినప్పుడు ఉకారానికి అచ్చు పరమై టుగాగమం వచ్చింది, అంటే రెండు మాటల నడుమ "ట్" చేరింది. గుడ్లు పెట్టే అవయవమే మారి కొండి అయింది కనుక మగవాటికి కొండి ఉండదు. కాబట్టి "పోతుటీగ కుట్టింది" అన్న వాక్యం వ్యాకరణానికి ఒప్పు, విషయానికి తప్పు.

మిమ్మల్ని దిద్దిన ఇద్దరూ వదిలేసిన "పాలిస్తుంది" మీదే నాకు అసలు అభ్యంతరం. పూలు విరివిగా ఉన్న రోజుల్లో రాణి రోజుకు 1000కి పైగా గుడ్లు పెట్టగలదు. దాని పని అదే. అది బలహీనపడితే కూలి ఈగలే ప్రత్యేకమైన అరలు కట్టి కొత్త రాణిని పెంచుకుంటాయి. అరిస్టాటిల్ నాటి నుండి యూరప్‌లో చాలాకాలం దీన్ని రాజు అనేవారు. 17వ శతాబ్దంలో డచ్చి శాస్త్రజ్ఞుడు యాన్ స్వామర్‌డామ్ ఆ "రాజు"ను కోసి, సూక్ష్మదర్శినితో చూసి అండాశయాలను గుర్తించాడు. రాజు రాణి అయింది గాని, మాటల్లో సింహాసనం మాత్రం దిగలేదు.

"తేనె తెస్తాయి" అనడం కూడా సరికాదు. ఈగ కడుపులోని తేనెసంచిలో మోసుకొచ్చేది మకరందం, అందులో చాలావరకు నీరే. దాన్ని పట్టులోని ఈగలు నోటి నుండి నోటికి అందుకుంటూ తమ ఎంజైములు కలిపి, అరల్లో పోసి, రెక్కలతో విసురుతూ తేమను ఆర్పుతాయి. నీటి పాలు సుమారు 20 శాతానికి తగ్గి చిక్కబడ్డాక అరకు మైనంతో మూత వేస్తాయి. తేనె తయారయ్యేది పట్టులోనే, పువ్వులో కాదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: "తేనెపట్టులో రాణి గుడ్లు పెడుతుంది, శ్రామిక ఈగలు పూల నుండి మకరందం తెచ్చి తేనె చేస్తాయి."