మొజాయిక్ అని వచ్చిందని భయపడుతున్న చిన్నికి

చిన్నీ,

ఐవీఎఫ్‌లో నీ ఎంబ్రియోకి (పిండానికి) చేసిన క్రోమోజోముల పరీక్ష రిపోర్టులో ‘మొజాయిక్’ అన్న మాట చూసి రాత్రంతా నిద్ర పట్టలేదన్నావు. పిండాలను పెంచే ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో తల పండినదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

పరీక్షకు తీసేది 5 నుంచి 10 కణాలు. అవి కూడా బిడ్డగా మారే లోపలి ముద్ద నుంచి కాదు, మాయగా (ప్లాసెంటాగా) మారే పైపొర నుంచి. వాటిలో కొన్నింటి క్రోమోజోములు సరిగ్గా, కొన్నింటివి తేడాగా ఉన్నట్టు కనిపిస్తే మొజాయిక్ అంటారు. లోపలి ముద్ద ఎలా ఉందో ఆ కాగితం చెప్పలేదు.

ఒకప్పుడు ఇలాంటివాటిని మేం ‘అబ్నార్మల్’ అని రాసి పారేసేవాళ్లం. 2015లో ఇటలీ డాక్టర్లు 18 మందికి మొజాయిక్ ఎంబ్రియోలే పెడితే ఆరుగురికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పుట్టారు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అలాగని ఎగిరి గంతేయకు. నార్మల్ ఎంబ్రియో ఒక్కటున్నా ముందు అదే పెడతారు. నీకు లేదు కాబట్టి రిపోర్టులో తేడా ఉన్న కణాల శాతం ఎంత, ఏ క్రోమోజోము అన్నది చూడు. 20 నుంచి 50 శాతం లోపైతే తక్కువ స్థాయి, ఆపైన 80 వరకు ఎక్కువ స్థాయి. శాతం పెరిగేకొద్దీ నిలవకపోవడం, గర్భం పోవడం ఎక్కువ. 13, 18, 21 నంబరు క్రోమోజోముల్లో ఏదైనా ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌తో తీరిగ్గా కూర్చుని మాట్లాడకుండా ముందుకెళ్లొద్దు.

అసలు మాట ఇప్పుడు చెబుతా. గర్భం నిలిచాక నీ రక్తం తీసి బిడ్డ క్రోమోజోముల కోసం చేసే పరీక్ష బాగా వచ్చిందని ఊరుకోకూడదు. అందులో కనిపించేది ఎక్కువగా మాయ డీఎన్ఏనే. బిడ్డ సంగతి తెలియాలంటే 15 వారాలు దాటాక ఉమ్మనీరు పరీక్ష చేయించుకోవాలి. అందులో తేడా వస్తే ఏం చేస్తారు? ఈ ప్రశ్న మీ ఆయనా నువ్వూ ఎంబ్రియో పెట్టించుకోవడానికి ముందే మాట్లాడుకోండి. కడుపులో బిడ్డ కదులుతున్నప్పుడు మాట్లాడుకోవడం నరకం. అత్తగారినీ మీ అమ్మనీ ఇందులోకి లాగకు, నన్ను కూడా.

మీ ఇద్దరికీ మాట కుదరకపోతే ఈ నెల ఆగండి. ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోకి వయసు పెరగదు. నీకు పెరుగుతుంది, అందుకే మళ్లీ ఎగ్ పికప్ (అండాలు తీయడం) చేయించుకునే ఆలోచన ఏ మూలన ఉన్నా ముందు అది తేల్చుకో.

రిపోర్టు ఫొటో తీసి పంపు. శాతం ఉన్న పేజీ మర్చిపోకు.

నీ పెద్దమ్మ