అరుదైన నీటి మొక్కల కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: హనుమకొండలో ఆరేళ్లుగా అక్వేరియం షాపు నడుపుతున్నాను. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం పోను నెలకు 38 వేలు మిగులుతాయి. ఇంటి ఖర్చు 27 వేలు. 2 లక్షల చిట్టీకి నెలకు 5 వేలు కడుతున్నాను, 40 నెలల్లో 14 అయ్యాయి, ఇంకా పాడలేదు. బ్యాంకులో 1.2 లక్షలు ఉన్నాయి. ఈ మధ్య కాలేజీ పిల్లలు, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు వచ్చి బ్యూసెఫలాండ్రా, తెల్లమచ్చల అనూబియాస్ లాంటి అరుదైన మొక్కలు ఉన్నాయా అని అడుగుతున్నారు. నా దగ్గర హైడ్రిల్లా, కబోంబా, వాలిస్‌నేరియా లాంటి మామూలు మొక్కలు తప్ప ఏమీ ఉండవు. వాళ్లంతా హైదరాబాద్ పోయి కొంటున్నారు. అక్కడి హోల్‌సేలర్ ‘టిష్యూ కల్చర్ కప్పు 180కి ఇస్తా, 350కి అమ్ముకో’ అంటున్నాడు. 2 లక్షలు పెట్టి షాపులో ఒక గోడంతా మొక్కలకే ఇద్దామనుకుంటున్నా. మా ఆవిడ బంగారం మీద వందకు రూపాయి వడ్డీతో లక్షన్నర వస్తుంది. బంగారం పెట్టాలా, చిట్టీ పాడాలా? ఒక స్నేహితుడు ఇండోనేషియా నుంచి సూట్‌కేసులో తక్కువకే తెచ్చిస్తానంటున్నాడు. అది మంచిదేనా?

జవాబు: బంగారమూ వద్దు, చిట్టీ పాటా వద్దు. మొక్కలు మాత్రం పెట్టండి. 2 లక్షలతో కాదు, 45 వేలతో పెట్టండి. అదీ ఈ ఎండాకాలంలో కాదు, అక్టోబరులో.

ముందు మీ హోల్‌సేలర్ చెప్పిన లెక్క చూద్దాం. 180కి కొని 350కి అమ్మితే దాదాపు రెట్టింపు. కానీ ఆ లెక్కలో తెచ్చిన ప్రతి కప్పూ అమ్ముడుపోతుంది. మీరు 60 కప్పులు తెచ్చారనుకోండి, పెట్టుబడి 10,800. అసలు చేతికి రావాలంటేనే 31 కప్పులు పూర్తి ధరకు పోవాలి. లాభం మొదలయ్యేది 32వ కప్పు నుంచి. టిష్యూ కల్చర్ కప్పు అంటే ల్యాబులో జెల్ మీద పెంచిన పిల్ల మొక్క. నత్తలు రావు, నాచు రాదు, పురుగుమందు ఉండదు కాబట్టి అక్వేరియంలో అందానికి చిన్న రొయ్యలు పెంచేవాళ్లు కళ్లు మూసుకుని కొంటారు. అంతవరకూ బాగానే ఉంది. అయితే చల్లటి చోట, వెలుతురులో ఉంచితేనే ఆ కప్పు కొన్ని వారాలు ఆగుతుంది. షాపు వేడెక్కితే ఆకు పసుపెక్కుతుంది, బూజు పడుతుంది. 60లో 25 పూర్తి ధరకు, 15 సగం ధరకు పోయి, 20 చెత్తబుట్టలోకి వెళ్లాయనుకుందాం. వచ్చేది 8,750కి 2,625 కలిపి 11,375 రూపాయలు. మిగిలింది 575. హైదరాబాద్ నుంచి తెచ్చిన ఖర్చులకే అది చాలదు. కొత్తగా మొక్కలు పెట్టే షాపులో మొదటి నెలలు ఇలా జరగడం వింతేమీ కాదు.

కాబట్టి మొక్కను కొనేటప్పుడు ఎంతకు అమ్ముడుపోతుంది అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. అమ్ముడుపోకపోతే ఎన్నాళ్లు ఆగుతుంది అన్నది మొదటిది. కప్పులూ, ఎర్ర రోటాలా లాంటి కాడ మొక్కలూ ఆకుకూరల బేరం. అనూబియాస్, జావా ఫెర్న్, బ్యూసెఫలాండ్రా ఇత్తడి సామాను బేరం. మీరు 2 లక్షలు పోసి ఆకుకూరల కొట్టు పెట్టబోతున్నారు, అదీ మొక్కల కోసం రోజుకు ఎంతమంది వస్తారో తెలియని వీధిలో.

ఈ రెండో రకం మొక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ డబ్బు నిలబడేది ఇక్కడే. అనూబియాస్ పశ్చిమ ఆఫ్రికా మొక్క. బ్యూసెఫలాండ్రా బోర్నియో దీవిలో వాగుల ఒడ్డున రాళ్లకు పట్టుకుని పెరుగుతుంది. జావా ఫెర్న్ ఆగ్నేయాసియాది. మూడూ నేలబారున పాకే దుంపలాంటి కాండం మీద బతుకుతాయి. మూడింటికీ తక్కువ వెలుతురు చాలు, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు) సిలిండర్ అక్కర్లేదు, మట్టి అక్కర్లేదు. ఆ కాండాన్ని ఇసుకలో పాతిపెడితే కుళ్లుతుంది. రాయికో కర్రకో దారంతో కట్టి వదిలేస్తే చాలు. పెరగడం మహా నిదానం. పెంచేవాడికి అది చిరాకు, అమ్మేవాడికి అదే మేలు. మూడు నెలలు అమ్ముడుపోకపోయినా అనూబియాస్ చావదు, ఇంకో రెండు మూడు ఆకులు వేసుకుని కూర్చుంటుంది. కాండం బాగా సాగాక మూడు నాలుగు ఆకులుండేలా కోస్తే రెండు మొక్కలవుతాయి. మీ షాపులో చేపల తరవాత, కూర్చున్నచోటే పెరిగే సరుకు ఇదొక్కటే.

అందుకే తెచ్చిన ప్రతి అరుదైన రకంలోనూ ఒక మొక్కను తల్లిమొక్కగా పక్కన పెట్టి ‘అమ్మకానికి కాదు’ అని చీటీ అంటించండి. ఎవరెంత ఇస్తానన్నా ఇవ్వకండి. ఏడాది తిరిగేసరికి దాని పిల్లలే మీ సరుకు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. బ్యూసెఫలాండ్రాకు వ్యాపారంలో లెక్కలేనన్ని పేర్లున్నాయి, ఒకే మొక్క రెండు మూడు పేర్లతో రెండు మూడు ధరలకు తిరుగుతుంది. ఈ రోజు వేలల్లో పలికే రకం నాలుగు నర్సరీలు పెంచడం మొదలుపెట్టగానే వందల్లోకి దిగుతుంది. ధర దిగినా మొక్క బతికే ఉంటుంది, కానీ మీ అప్పు మీద వడ్డీ దిగదు కదా. లక్షన్నరకు వందకు రూపాయంటే నెలకు 1,500, ఏడాదికి 18 వేలు. మీకు నెలకు మిగిలేది 38 వేలలో ఇంటి ఖర్చు, చిట్టీ పోను 6 వేలు. అందులో నాలుగో వంతు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చిట్టీ సంగతీ అంతే. 14వ నెలలో 40 వేలు తగ్గించి పాడారనుకోండి, చేతికి 1.6 లక్షలు వస్తాయి, మిగిలిన 26 వాయిదాలు కట్టక తప్పదు. ఇంతవరకూ లాక్కొచ్చారు, చివరిదాకా లాగండి.

ఇక కొనేవాళ్లు. కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్లు అడుగుతున్నారని రాశారు. రేపటి నుంచి గల్లాపెట్టె పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. అడిగిన మనిషి పేరు, ఫోన్ నంబరు, ఏ మొక్క, ఇంట్లో తొట్టి సైజు, అందులో ఏ చేపలు. ఆఖరిది ముఖ్యం. గోల్డ్‌ఫిష్, సిల్వర్ డాలర్ లాంటి మొక్కలు తినే చేపలు పెంచేవాడికి మెత్తని మొక్క అమ్మితే వారంలో కాడలు మిగులుతాయి, ఆ కోపం మీమీద చూపిస్తాడు. నెల తరవాత నోట్‌బుక్ తిరగేస్తే వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారని తెలియవచ్చు. పదిమంది నికరమైన కస్టమర్లున్నా ఈ వ్యాపారం నడుస్తుంది, ఎందుకంటే వాళ్లు లైట్లు, ఎరువు, కత్తెరలు, సీఓటూ అన్నీ కొంటారు. అసలు డబ్బు వాటిలోనే ఉంది, మొక్క వాళ్లను మీ గడపకు తెస్తుంది. ఖరీదైన రకాలకు సగం అడ్వాన్స్ తీసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. నిజంగా కావాలనుకున్నవాడు ఇస్తాడు.

మీరు ఊహించని ఇంకో నష్టం ఆకులు కరగడం. నర్సరీల్లో చాలా నీటి మొక్కల్ని వేళ్లు తడిగా, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. వాటిని తొట్టిలో ముంచగానే పాత ఆకులు కుళ్లి రాలి, నీటికి తగ్గ కొత్త ఆకులు వస్తాయి. క్రిప్టోకోరిన్ అనే మొక్క అయితే నీళ్లు మారినా చాలు, రాత్రికి రాత్రి కరిగిపోయినట్టు కనిపిస్తుంది. వేరు బతికే ఉంటుంది, కానీ కస్టమర్ ‘చచ్చిన మొక్క అమ్మావు’ అని డబ్బు వెనక్కి అడుగుతాడు. తెచ్చిన మొక్కను మీ తొట్టిలో మూడు నాలుగు వారాలు ఉంచి, నీటి ఆకులు వచ్చాక అమ్మండి. దానికి ఇంకో వంద ఎక్కువ అడిగినా న్యాయమే. నర్సరీ మొక్కల్ని తొట్టిలో వేసేముందు పటిక నీళ్లలో కాసేపు ఉంచి కడిగితే నత్తల బెడద బాగా తగ్గుతుంది. మొక్కల తొట్లలో అమ్మకం చేపలు వెయ్యకండి.

అక్టోబరు దాకా ఆగమన్నది ఎందుకో మీకే తెలుసు. ఓరుగల్లు మే నెల ఎండకు షాపులో నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. ఈ మొక్కలు చాలావరకు 22 నుంచి 28 మధ్య హాయిగా ఉంటాయి. లైట్ల కరెంటుకు భయపడకండి. 120 వాట్లు రోజుకు 8 గంటలు వెలిగితే దాదాపు ఒక యూనిట్, నెలకు 30 యూనిట్ల లోపే. నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెడితే మాత్రం లెక్క తప్పుతుంది. వచ్చే వేసవికి తొట్టి మీద చిన్న ఫ్యాన్లతో నెట్టుకురండి, మార్చి తరవాత కప్పులు తేకండి.

ఇప్పుడు 45 వేలు ఎక్కడివి? అక్టోబరుకు ఇంకా ఆరు నెలలుంది, నెలకు 6 వేల చొప్పున 36 వేలు. మిగిలిన 9 వేలు బ్యాంకులోంచి తీయండి, అంతకు మించి ముట్టుకోకండి. అప్పటికి అక్కడ 1.11 లక్షలు ఉంటాయి. ఇంటి ఖర్చుకూ చిట్టీకీ అది మూడున్నర నెలలకు కూడా సరిపోదు, షాపు మూతపడిన నెలలోనూ అద్దె కట్టాలని గుర్తుంచుకుంటే ఇంకా తక్కువ. ఈ 45 వేలలో స్టాండు, మూడు తొట్లు, లైట్లు, టైమరుకు 22 వేలు. మొక్కలకు 13 వేలు. అందులో ఎక్కువ భాగం మామూలు అనూబియాస్ నానా, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్ వెండ్టీ, అందానికి పెంచే నాచు (మాస్) మొక్కలకు పెట్టి, ఖరీదైన బ్యూసెఫలాండ్రా నాలుగైదు రకాలకు మించకుండా తీసుకోండి. మిగతా 10 వేలు నగదుగా ఉంచండి. ఏది పోతుందో తెలిశాక మళ్లీ ఆర్డర్ పెట్టాల్సింది ఆ డబ్బుతోనే.

పన్ను విషయం మీరు అడగలేదు కానీ చెప్పాలి. బతికున్న చేపలకూ మొక్కలకూ జీఎస్టీ లేదు, లైట్లు, ఫిల్టర్లు, గాజు తొట్లకు ఉంది. సరుకు అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిన పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షల అమ్మకాలు (ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, అక్కడి బంధువులు చెప్పిన మాట మీకు వర్తించదు). పన్ను లేని చేపలు, మొక్కల అమ్మకాలూ ఈ 20 లక్షల లెక్కలోకి వస్తాయి. మీకు నెలకు 38 వేలు మిగులుతున్నాయంటే అమ్మకాలు లక్షన్నర దాకా ఉండొచ్చు, అంటే ఏడాదికి 18 లక్షలు. మొక్కల వెంట లైట్లు కూడా పోతుంటే గీత దాటడానికి ఎంతో పట్టదు. పైగా లైట్లు, ఫిల్టర్ల లాంటివి వేరే రాష్ట్రానికి కొరియర్ చేసి అమ్మితే 20 లక్షలతో పని లేకుండానే రిజిస్ట్రేషన్ కావాలి. అక్టోబరుకు ముందే ఒకసారి అకౌంటెంట్ దగ్గర కూర్చోండి.

సూట్‌కేసు మాట మర్చిపోండి. బయటి దేశం నుంచి మొక్క తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి లేకుండా దొరికితే మొక్కలు పోతాయి, మీ స్నేహితుడు చిక్కుల్లో పడతాడు. దొరకకపోయినా బిల్లు లేని సరుకు మీ మెడకే. ఈ నిబంధనలు ఉత్తినే పెట్టలేదు, మన చెరువుల్ని కమ్మేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. కత్తిరించిన కాడల్ని మీరూ కాల్వలో పారెయ్యకండి, ఎండబెట్టి చెత్తలో వెయ్యండి. పడమటి కనుమల వాగుల్లోంచి పీక్కొచ్చిన మొక్కలు చౌకగా ఇస్తామని ఎవరైనా వస్తే వాళ్లనూ పంపించెయ్యండి.

మొక్కల పద్దు చేపల పద్దులో కలపకండి. తెచ్చిన తేదీ, కొన్న ధర, అమ్మిన లేదా చచ్చిన తేదీ రాయండి. చచ్చినవాటి ఖరీదు తీసేశాక నవంబరు నుంచి జనవరి దాకా సగటున నెలకు 3 వేలు మిగలకపోతే ఖరీదైన రకాలు మళ్లీ తేకండి, జావా ఫెర్న్, మామూలు అనూబియాస్‌తో సరిపెట్టుకోండి. మిగిలితే ఆ లాభంతోనే నాలుగో తొట్టి కొనండి.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసు లేదు. లేకపోతే మొక్కల ప్రణాళిక రెండు నెలలు వెనక్కి జరిపి ముందు ఇంటిల్లిపాదికీ పాలసీ తీసుకోండి. మీరు ఆసుపత్రిలో ఉంటే కుర్రాడొక్కడే షాపు నడపలేడు, అప్పుడు అవసరమయ్యేది బీరువాలోని ఆ బంగారమే.