ఆరో నెల గర్భిణి.. పిత్తనాళంలో రాయి.. కాన్పయ్యే దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా చెల్లెలి వయసు 26. రెండో కాన్పు, ఇప్పుడు ఆరో నెల. నెల కిందట పైకడుపులో నొప్పి వస్తే గ్యాస్ అనుకొని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేశాం. పది రోజులుగా కళ్లు పచ్చబడ్డాయి. పసరు కూడా పోయించాం. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని, పిత్తనాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బిందని వచ్చింది. కామెర్ల పరీక్షలో బిలిరుబిన్ 5.1. ఎక్స్‌రే లేకుండా అల్ట్రాసౌండ్ ఎండోస్కోపీతో రాయి తీస్తామంటున్నారు. బిడ్డకు ప్రమాదమా? కాన్పయ్యే దాకా ఆగొచ్చా? రెండు రోజులుగా రాత్రిళ్లు చలి పెట్టి వణుకుతోంది, పారాసిటమాల్ వేస్తే తగ్గుతోంది.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అన్నీ రాసి, అసలు సంగతి చివర్లో చెప్పారు. కామెర్లు, పైకడుపు నొప్పి, వణుకుతో జ్వరం మూడూ కలిస్తే పిత్తనాళంలో, అంటే కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తెచ్చే గొట్టంలో, ఇన్‌ఫెక్షన్ చేరిందేమోనని అనుమానించాలి. కొలాంజైటిస్ అంటాం. ఇది రక్తంలోకి పాకితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది, రాయిని కదపదు. మీ చెల్లెలు ఇంకా ఇంట్లోనే ఉంటే ఇది చదవడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. గ్యాస్ట్రో, గైనిక్ డాక్టర్లు ఇద్దరూ ఉన్నచోటికైతే మేలు.

కాన్పు దాకా ఆగే సంగతి ఇక వదిలేయండి. మూడు నెలలు ఇలా నెట్టుకురావడం కుదరదు.

ఇక ఎక్స్‌రే భయం. వాళ్లు చెప్పిన పద్ధతి మంచిదే. కొసన అల్ట్రాసౌండ్ ఉన్న గొట్టం చిన్నపేగు మొదట్లోకి వెళ్తే పిత్తనాళం పక్కనే కనిపిస్తుంది. పొట్ట మీద చేసే స్కానింగ్‌కు అందని మూడు నాలుగు మిల్లీమీటర్ల రాయి కూడా దొరుకుతుంది. ఎన్ని రాళ్లు, ఎక్కడున్నాయి అన్నది తేలాక ఇంకో ఎండోస్కోప్‌తో నాళంలోకి సన్నని తీగ పంపుతారు. సరైన దారిలో పడ్డామా అని ఎక్స్‌రేలో చూసే బదులు సిరంజితో లాగి చూస్తారు. పసుపుపచ్చ పైత్యరసం వస్తే దారి సరైనదే. నాళం మూతిని కొద్దిగా కోసి, బెలూన్‌తోనో బాస్కెట్‌తోనో రాయి లాగేస్తారు. పరిస్థితి బాగోలేకపోతే ముందు పైత్యరసం పారేందుకు స్టెంట్ అనే సన్నని గొట్టం ఒక్కటే పెట్టి, రాయిని తర్వాత చూసుకుంటారు. మధ్యలో కొన్ని సెకన్లు ఎక్స్‌రే వాడాల్సి వచ్చినా కంగారు పడకండి. జాగ్రత్తగా చేస్తే బిడ్డకు చేరే రేడియేషన్ సాధారణంగా చాలా తక్కువ.

రిస్క్ లేదని మాత్రం అనను. ఈ ప్రొసీజర్ తర్వాత వందలో 3 నుంచి 10 మందికి పాంక్రియాస్ (క్లోమం) వాపు రావచ్చు. గర్భిణుల్లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. సంతకం పెట్టే ముందు దీని గురించి అడగండి.

నెల కిందట వేసిన ఆ మాత్రలేంటి? రాయలేదు. ఓపీలో రోజూ చూస్తున్నదే: పైకడుపులో నొప్పంటే చాలు ‘గ్యాస్’ అని పేరు పెట్టేసి, ఎసిడిటీకి ఒక పాంటాప్రజోల్, నొప్పికి ఒక డైక్లోఫెనాక్ మింగేస్తారు. ఐదో నెల దాటిన గర్భిణి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వాడితే బిడ్డ మూత్రపిండాల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గొచ్చు. షాపతను ఇచ్చాడు సరే, గర్భిణి అని అతనికి చెప్పారా?

పసరు సంగతీ అంతే. చిన్న రాళ్లు కొన్నిసార్లు వాటంతటవే పేగులోకి జారిపోతాయి, కామెర్లూ తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. జారని రాయి ఉన్నవాళ్లు మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. పోయించిన మాట డాక్టర్ దగ్గర దాచొద్దు, మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. కామెర్లు ఎక్కువ రోజులుంటే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అందుకే ముందు ఐఎన్ఆర్ పరీక్ష చేసి, అవసరమైతే విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తారు.

నాళంలో రాయి తీసినా పిత్తాశయంలోవి అలాగే ఉంటాయి, మళ్లీ జారొచ్చు. పిత్తాశయాన్ని ఇప్పుడు తీయాలా, కాన్పు తర్వాతా అన్నది ఆమెను చూసిన సర్జన్, గైనకాలజిస్ట్ కలిసి చెప్పాలి. నేను ఇక్కడి నుంచి చెప్పలేను. స్టెంట్ పెడితే ఎప్పుడు తీయాలో డిశ్చార్జి కాగితం మీద తేదీ వేయించుకోండి. మామూలుగా మూడు నెలల్లోపే. కాన్పు, బాలసారె హడావుడిలో ఆ తేదీ మర్చిపోయి, స్టెంట్ మూసుకుపోయి మళ్లీ చలిజ్వరంతో వచ్చినవాళ్లను చూశాను.